జలపాతం దాకా ఇంటిల్లిపాదితో అడవి నడక: విజయవాడ, గుంటూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడ. ఏటా వానలు తగ్గాక మా అపార్ట్‌మెంట్‌లోని మూడు నాలుగు కుటుంబాలు, గుంటూరు నుంచి మా ఆడపడుచు వాళ్లు కలిసి మారేడుమిల్లి అడవికి వెళ్తాం. చంటిపిల్లలున్న తల్లులు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, ఈత వచ్చిన కుర్రాళ్లు అందరూ మాతో నడిచారు. వెళ్లే ముందు అందరూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతారు. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

మన దగ్గర నిజంగా వర్షారణ్యం ఉందా?

అచ్చమైన వర్షారణ్యం చూడాలంటే పశ్చిమ కనుమలకు వెళ్లాలి. కర్ణాటకలో ఆగుంబె, కేరళలో సైలెంట్ వ్యాలీ అలాంటివి. అక్కడి చెట్లు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. మారేడుమిల్లి ఉన్నది తూర్పు కనుమల్లో. ఇక్కడి అడవిలో ఎక్కువ భాగం ఎండాకాలంలో ఆకు రాల్చేదే. కానీ వాగుల వెంట, లోయల్లో తేమ ఆరదు కాబట్టి అక్కడి చెట్లు ఎండల్లో కూడా పచ్చగా నిలబడతాయి. ఏరుమద్ది, నేరేడు, అడవి మామిడి, వాటిని చుట్టుకుని ఎక్కే లావుపాటి తీగలు, పక్కన వెదురు పొదలు కనిపిస్తాయి. జలపాతానికి నడిచే దారి అలాంటి చోటే ఉంటుంది కాబట్టి పిల్లలకు వర్షారణ్యం అంటే ఎలా ఉంటుందో ఇక్కడే చాలావరకు చూపించొచ్చు.

ఏ జలపాతానికి వెళ్లాలి?

మొదటిసారి అయితే రంపచోడవరం దగ్గరి రంప జలపాతం చూడండి. చిన్నది, నడక తక్కువ. మారేడుమిల్లి దాటాక చింతూరు వెళ్లే ఘాట్ రోడ్డు మీద జలతరంగిణి, ఇంకా ముందుకు వెళ్తే అమృతధార వస్తాయి. అడవిలో నడిచిన అనుభూతి కావాలంటే అమృతధారే. రోడ్డు పక్కన బండి ఆపి చెట్ల మధ్య నడుచుకుంటూ వెళ్లాలి. నీరు రెండు అంచెలుగా దూకుతుంది. ఆరేడేళ్ల పిల్లలతో ఆగుతూ ఆగుతూ వెళ్తే మాకు ఎప్పుడూ ముప్పావు గంట పడుతుంది.

అసలు నడవలేని వాళ్లు ఇంట్లో ఉంటే మాచర్ల దాటాక వచ్చే ఎత్తిపోతలకు తీసుకెళ్లండి. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే దృశ్యం పైనుంచే కనిపిస్తుంది. కింద మడుగులో మొసళ్లు ఉంటాయి కాబట్టి దిగాలన్న ఆలోచనే పెట్టుకోకూడదు. అది పొడి అడవి. దాని అందం వేరు.

ఎలా వెళ్లాలి? ఒక్కరోజులో వెళ్లి రావచ్చా?

విజయవాడ నుంచి రాజమండ్రి దాకా రైలే సుఖం. ఇక్కడ పొద్దున్నే రత్నాచల్ ఉంది, గుంటూరు వాళ్లకు సింహాద్రి ఉంది. రాజమండ్రిలో బండి మాట్లాడుకుని కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్తే 80 కిలోమీటర్లు దాటుతుంది. సొంత కారులో ఇంటి దగ్గర బయలుదేరితే దారిలో టిఫిన్‌కు ఆగడంతో కలిపి ఆరు గంటలు వేసుకోండి.

ఒక్కరోజులో వెళ్లి రావాలని చూడకండి. అలా చేస్తే జలపాతం దగ్గరికి మధ్యాహ్నం మూడింటికి చేరతారు. అడవిలో చీకటి ఊళ్లో కంటే ముందే పడుతుంది. తొందరలో తడి రాళ్ల మీద కాళ్లు జారతాయి. రాత్రికి మారేడుమిల్లిలో దిగి, తెల్లారి ఎనిమిదింటికల్లా దారిలో ఉండండి. ఘాట్ రోడ్డు మీద రాత్రి ప్రయాణం అసలు వద్దు. వానల రోజుల్లో అధికారులు కూడా రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు.

మలుపుల్లో పిల్లలు వాంతులు చేసుకుంటారు. బయలుదేరే ముందు కడుపునిండా పెట్టకండి. రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వేయాలనుకుంటే ముందే పిల్లల డాక్టర్ని అడిగి తెచ్చుకోండి.

ఏ నెలలో బాగుంటుంది?

అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా. జూలై, ఆగస్టుల్లో నీరు చూడ్డానికి భయంకరంగా, గొప్పగా ఉంటుంది కానీ పిల్లలతో వెళ్లే సమయం కాదు. అప్పుడు జలపాతాల దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వని రోజులూ ఉంటాయి. ఫిబ్రవరి తర్వాత ధార సన్నబడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వార్త వినిపిస్తే టికెట్ డబ్బులు పోయినా సరే ప్రయాణం మానుకోండి. మేం రెండుసార్లు మానుకున్నాం.

మాకు కృష్ణలో ఈత అలవాటే. జలపాతం కింద దిగొచ్చా?

వద్దు. అన్ని ప్రశ్నల్లోకీ నేను ఎక్కువ సమయం తీసుకుని చెప్పేది దీని గురించే. ఈత రానివాళ్లు ఒడ్డునే ఉంటారు. ఈత వచ్చినవాళ్లతోనే నాకు టెన్షన్.

జలపాతం కింద తెల్లగా కనిపించేది గాలి బుడగలు కలిసిన నీరు. మామూలు నీరు మనిషిని మోసినట్టు అది మోయదు. ఎంత చేతులాడించినా మునిగిపోతున్నట్టే ఉంటుంది. పైనుంచి పడిన నీరు అడుగుదాకా వెళ్లి కొంత మళ్లీ ధార వైపే తిరుగుతుంది. దాంట్లో చిక్కిన మనిషిని కూడా ధార కిందికే లాగుతుంది. మడుగు లోతు ప్రతి వానకూ మారుతుంది. పోయినేడు నడుము లోతు ఉన్నచోట ఈ ఏడు రెండు నిలువుల లోతు ఉండొచ్చు, లేదా కొత్తగా కొట్టుకొచ్చిన బండ ఉండొచ్చు. పైనుంచి నీటితో పాటు రాళ్లు, కొమ్మలు కూడా పడతాయి. అందుకే ధార కింద నిలబడి తల తడుపుకోవడం కూడా మంచిది కాదు.

మా పద్ధతి ఏంటంటే, మడుగు దాటి వాగు వెడల్పుగా, పల్చగా పారే చోట, నేల కనిపించేంత తేటగా ఉంటే, పిల్లలు పిక్కల దాకా దిగుతారు. ప్రతి పిల్లకూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి నీళ్లలోనే ఉంటారు. వడిగా పారే నీరు మోకాలి లోతులో ఉన్నా పెద్దవాళ్లను సైతం పడేస్తుంది. పిల్లలను తేలిగ్గా తోసుకుపోతుంది. మందు తాగినవాళ్లు మా గుంపులో ఉంటే వాళ్లు వాగు వైపు రారు. ఈ మాట బయలుదేరక ముందే చెప్పేస్తాం.

ఆకాశం తేటగా ఉంటే భయం లేదు కదా?

ఉంది. బెజవాడ వాళ్లకు బుడమేరు వాగు గుర్తు చేస్తే చాలు. 2024 సెప్టెంబరు మొదట్లో వాన మైలవరం వైపు కొండల్లోనూ పడింది. ఆ నీళ్లన్నీ బుడమేరులోకి దిగి, కట్టలకు గండ్లు పడి, సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. కృష్ణ అంత ఉధృతంగా వచ్చినా ముందు కబురు పెట్టింది. పులిచింతలలో ఎంత వదిలారో టీవీలో చెప్తారు, మైకులో చాటుతారు, గంటల సమయం ఉంటుంది. వాగుకు ఆ మర్యాద తెలియదు. కొండవాగు ఇంకా చిన్నది, ఇంకా నిటారుగా దిగుతుంది. అందుకే మనకు దొరికేవి నిమిషాలే.

ఒక ఏడాది అమృతధార దగ్గర బండల మీద కూర్చుని పులిహోర తింటున్నాం. ఎండ కాస్తోంది, ఒక్క చినుకు లేదు. మాతో వచ్చిన కొండరెడ్ల (ఇక్కడి గిరిజనుల) కుర్రాడు తినడం ఆపి నీళ్ల వంక చూస్తున్నాడు. "అమ్మా, లెగండి. పిల్లల్ని ముందు ఎక్కించండి" అన్నాడు. మాకేమీ తేడా తెలియలేదు. అయినా లేచాం. గిన్నెలు సర్దుతుంటే "వదిలేయండమ్మా" అని గట్టిగా అన్నాడు. పైకి ఎక్కి చూస్తే నీటి రంగు మారింది. తేట నీళ్లు టీ రంగులోకి, తర్వాత ఎర్రమట్టి రంగులోకి తిరిగాయి. కాసేపటికి మేం కూర్చున్న బండ కనిపించలేదు. మా స్టీలు క్యారేజీ ఎటు పోయిందో తెలియదు. పైన ఎక్కడో కొండ అవతల వాన పడిందని ఆ కుర్రాడు చెప్పాడు. ఆ రోజు మాతో పదకొండు మంది పిల్లలు ఉన్నారు.

ఎలా తెలిసిందని అడిగితే మూడు గుర్తులు చెప్పాడు. నీళ్లలో పచ్చి ఆకులు, పుల్లలు ఒక్కసారిగా ఎక్కువ రావడం. నీటి చప్పుడు బరువెక్కడం. అంతకుముందు పొడిగా ఉన్న రాయి అంచు తడవడం. రంగు మారేదాకా ఆగితే ఆలస్యం అవుతుందన్నాడు. అప్పటి నుంచి మేం చేరగానే నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకుంటాం. పదేళ్లు దాటిన పిల్లల్లో ఒకరికి ఆ రాయిని చూస్తూ ఉండే పని అప్పగిస్తాం. తిండి ఎప్పుడూ వాగులో తినం, గట్టు మీదే తింటాం. వాగు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లం. నీరు పెరిగితే ఆ ఒడ్డునే చిక్కుకుపోతారు.

గైడు అవసరమా? దారి తెలిసిపోతూనే ఉందిగా?

దారి కోసం కాదు, పైన చెప్పిన దాని కోసం. ఊళ్లో మనిషి లేకుండా మేం వెళ్లం.

ఎవరైనా నీళ్లలో పడితే?

వెంటనే దూకకండి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మన కృష్ణా ఘాట్ల దగ్గరే ఎన్నో చదివాం. చున్నీ, చీర, పొడుగాటి కర్ర, ఏది అందితే అది విసరండి. విసిరేవాళ్లు నేల మీద పడుకుని, వాళ్ల కాళ్లను ఇంకొకరు పట్టుకోవాలి. మేం ముప్పై అడుగుల నైలాన్ తాడు ఒకటి, మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి తీసుకెళ్తాం. తాడు చివర డబ్బా కట్టి విసిరితే పట్టుకుని తేలొచ్చు. పడినవాళ్లు కొట్టుకుపోతుంటే కాళ్లు ముందుకు, తల వెనక్కి పెట్టి వెల్లకిలా తేలాలని, పల్చటి చోటికి వచ్చేదాకా లేచి నిలబడే ప్రయత్నం చేయొద్దని పిల్లలకు ఇంట్లోనే చెప్పి ఉంచండి. రాళ్ల సందుల్లో పాదం ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు వంచేస్తుంది.

ఎంత వయసు పిల్లల్ని తీసుకెళ్లొచ్చు?

ఐదేళ్లు నిండి, చెప్పిన మాట వినే పిల్లలైతే పర్వాలేదు. చంటిబిడ్డను చంకనెత్తుకుని పాకుడు రాళ్ల మీద నడిచే తల్లికి పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండదు. అలాంటి వాళ్లు రంప జలపాతం వరకే వచ్చి ఆగిపోవడం మంచిది. బయలుదేరే నెల ముందు నుంచి పిల్లల్ని ఆదివారాలు కోటప్పకొండ మెట్లో, మంగళగిరిలో గండాలయం మెట్లో ఎక్కించండి. ఎంత నడవగలరో మీకూ తెలుస్తుంది.

మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. వస్తానంటున్నారు. ఏం చేయాలి?

తీసుకెళ్లండి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం కాబట్టి తిరుగు నడకకు ఓపిక మిగల్చాలి. చేతికి వెదురు కర్ర ఇవ్వండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడిపించండి, వెనక కాదు. వాళ్లు వెనక ఉంటే అందరి కోసం ఆయాసపడుతూ పరిగెత్తుతారు. ముందుంటే అందరూ వాళ్ల నడకకు తగ్గుతారు. మా అత్తగారు మధ్యలో ఒక చెట్టు కింద బండ మీద ఆగిపోయి, మా తోడికోడలితో రెండు గంటలు కూర్చున్నారు. అడవిలో తనకు అదే బాగుందని ఇప్పటికీ చెప్తారు. బీపీ, షుగర్ మందులు సంచిలో కాదు, వాళ్ల చేతి పర్సులోనే ఉండాలి.

ఏం వేసుకోవాలి?

అడుగున గాట్లు ఉన్న కాన్వాస్ బూట్లు. బీసెంట్ రోడ్డులో దొరికే మామూలువి చాలు కానీ కొత్తవి అడవికి తొడగొద్దు, కాళ్లు కొడతాయి. హవాయి చెప్పులు వద్దే వద్దు. పాకుడు మీద కాలు నిలవదు. ఆడవాళ్లకు చీర కంటే చుడీదార్ నయం. జీన్స్ తడిస్తే బరువెక్కి ఆరదు. ఒక పొడి జత బండిలో ఉంచండి. నీళ్ల దగ్గర బట్టలు మార్చుకోవడానికి గది ఉంటుందని అనుకోవద్దు, రెండు దుప్పట్లు తీసుకెళ్తే నలుగురు పట్టుకుని చాటు చేయొచ్చు. బాత్రూం పని మారేడుమిల్లిలోనే ముగించుకుని బయలుదేరండి.

జలగలు పట్టుకుంటాయా?

వానల్లో కేరళ, ఆగుంబె వైపు వెళ్తే జలగలు తప్పవు. ప్యాంటు చివరలు సాక్సుల్లో దోపుకోండి. పట్టుకుంటే లాగొద్దు. దాని నోటి దగ్గర గోటిని చర్మానికి ఆనించి పక్కకు జరిపితే ఊడుతుంది. ఉప్పు, నిప్పు పెడితే కడుపులోది గాయంలోకి కక్కుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. కడిగి గుడ్డ అదిమి పట్టుకోండి.

పాము కరిస్తే?

కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలిని కదలనివ్వకుండా కర్రతో కలిపి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి బండెక్కించండి. 108కి ఫోన్ చేయండి. రంపచోడవరంలో ఏరియా ఆస్పత్రి ఉంది. నాటుమందు కోసం ఆగితే పోయేది విలువైన సమయం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది. కాబట్టి పామును పట్టుకుని తేవాల్సిన పని లేదు. రాళ్ల సందుల్లో, ఎండుటాకుల్లో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలావరకు ఈ అవసరమే రాదు.

తిరిగొచ్చాక జ్వరం వస్తే?

ఏజెన్సీలో మలేరియా ఉంది. రాత్రి బస చేసేవాళ్లు సాయంత్రం నుంచి పొడుగు చేతుల బట్టలు వేసుకుని, దోమతెర కట్టుకోండి. వచ్చిన నెలలోపు జ్వరం వస్తే సొంతంగా మాత్రలు వేసుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించండి. "మారేడుమిల్లి అడవికి వెళ్లొచ్చాం" అని డాక్టరుకు మీరే చెప్పాలి, ఇక్కడ కూర్చుని ఆయన ఊహించలేరు. పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ కూడా వస్తుంది. చంకల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే అది చూపించండి. ముందుగా పట్టుకుంటే మామూలు మందులతోనే తగ్గుతుంది.

తిండి సంగతేంటి? వాగు నీళ్లు తాగొచ్చా?

ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. పైన పశువులు తిరుగుతాయి. మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లండి. పులిహోర, పెరుగన్నం, అరటిపళ్లు చాలు. స్టీలు గిన్నెలు, విస్తరాకులు వాడితే చెత్త మిగలదు. మిగిలిన ప్లాస్టిక్ ప్రతి ముక్కా మీ సంచిలోనే వెనక్కి రావాలి. కోతులకు ఏమీ పెట్టొద్దు.

బొంగులో చికెన్ తినకుండా ఎవరూ రారు. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయరు. వెదురులోని తేమతోనే ఉడుకుతుంది. వెళ్లేటప్పుడే చెప్పి వెళ్తే తిరిగొచ్చేసరికి వేడిగా ఉంటుంది.

అక్కడి ఊళ్లవాళ్లతో ఎలా ఉండాలి?

మన బంధువుల ఊరికి వెళ్లినట్టు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. పెద్దవాళ్లను "మీరు" అనండి, అడగకుండా ఫొటోలు తీయొద్దు, ఇళ్లలోకి తొంగిచూడొద్దు. ఈ కొండల్లో పోడు చేసుకునే హక్కు మీద, అడవి మీద బ్రిటిష్ దొరతనం పెట్టిన ఆంక్షలే రంప తిరుగుబాటుకు ఒక పెద్ద కారణం. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది ఈ కొండల మనుషులే. పిల్లలకు పుస్తకంలో చదివించిన పాఠం ఇక్కడ నడుస్తూ చెప్తే చెవిన పెడతారు. సంతలో తేనె, కొండచీపుర్లు కొనేటప్పుడు గీచి గీచి బేరం ఆడకండి.

ఫోన్లు పనిచేస్తాయా?

ఘాట్ ఎక్కాక నమ్మకం లేదు. ఎన్నింటికి తిరిగొస్తారో బస దగ్గర చెప్పి వెళ్లండి.

పిల్లలకు బోరు కొట్టదా? చూడ్డానికి ఏముంటుంది?

ముందు స్పీకర్లో పాటలు ఆపించండి. ఆపితే ఐదు నిమిషాల్లో అడవి మొదలవుతుంది. తడి మట్టి మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉంటాయి. మట్టిలోని లవణాలు పీల్చుకుంటాయి, దగ్గరికి వెళ్లి కూర్చున్నా ఎగరవు. చెట్ల పైకొమ్మల్లో పిల్లి అంత పొడవుండే పెద్ద ఉడుత దూకుతుంది. అదృష్టం ఉంటే బంగారు బల్లి కనిపిస్తుంది. తూర్పు కనుమల్లో వాగుల పక్కన, తేమగా ఉండే బండల సందుల్లో బతికే బల్లి అది. మగదాని ఒళ్లు పసుపు పూసినట్టు ఉంటుంది. ఆడవి గుడ్లను రాతికి అతికించి పెడతాయి, చాలా బల్లులు ఒకేచోట పెడతాయి. టార్చి నేరుగా కొట్టకుండా, పక్కన బండ మీద వెలుగు పడేలా పట్టుకుంటే కదలకుండా ఉంటుంది. మా అబ్బాయి మొదటిసారి చూసినప్పుడు ఊపిరి బిగబట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, మాట్లాడకు" అన్నాడు.